ఆలెఫ్‌లో ఎద్దు ఎక్కడుంది? అపోహలు - వాస్తవాలు

119వ కీర్తనలో ప్రతి ఎనిమిది వచనాలకూ పైన ఒక హెబ్రీ అక్షరం పేరు కనిపిస్తుంది కాబట్టి తెలుగు బైబిలు చదివేవాళ్లకి ఆలెఫ్, బేత్ కొత్తేమీ కాదు. ఈమధ్య యూట్యూబ్ పుణ్యమా అని ఆ అక్షరాల "రహస్యాలు" కూడా ఇంటింటికీ చేరాయి. హెబ్రీ నేర్పేవాడిగా క్లాసులో నాకు తరచూ ఎదురయ్యే వాటిలో ఆలెఫ్‌కి సంబంధించినవి మాత్రం ఇక్కడ చెబుతాను.

అపోహ: ఆలెఫ్ అంటే మన 'అ'.

ఆలెఫ్ అచ్చు కాదు, హల్లు. పిల్లాడు వేడి గిన్నె ముట్టుకోబోతే "అ! అ!" అని ఆపుతాం కదా, ఆ రెండింటి మధ్య గొంతు టక్కున మూసుకుని తెరుచుకుంటుంది. ఆ మూతే ఆలెఫ్. అందుకే ఆదాం, ఎలోహీం, ఈష్ (పురుషుడు), ఓర్ (వెలుగు) నాలుగూ ఆలెఫ్‌తోనే మొదలవుతాయి. అచ్చులు చూపించే చుక్కలు, గీతలు చాలా శతాబ్దాల తర్వాత మసోరెతీ పండితులు (హెబ్రీ బైబిలు పాఠాన్ని జాగ్రత్తగా కాపాడిన యూదు పండితులు) పెట్టినవి. గ్రీకుల భాషలో ఈ గొంతు మూతకి పని లేదు. వాళ్లు ఆ అక్షరాన్ని తీసుకుని అచ్చుగా వాడుకున్నారు, అదే ఆల్ఫా. మన గందరగోళం అటునుంచి వచ్చిందే.

అపోహ: ఇప్పటి హెబ్రీ అక్షరాలే మొదటినుంచీ ఉన్నాయి.

ఇప్పుడు అచ్చులో చూసే చదరపు అక్షరాలు అరమాయిక్ లిపి నుంచి వచ్చాయి, బబులోను చెర తర్వాత స్థిరపడ్డాయి. యెరూషలేములో సిలోయము సొరంగపు శాసనం క్రీ.పూ. 8వ శతాబ్దానిది. అందులోని ఆలెఫ్ పక్కకి పడుకున్న ఇంగ్లీషు 'ఎ'లా ఉంటుంది. మృత సముద్రం దగ్గరి గుహల్లో దొరికిన పురాతన గ్రంథపు చుట్టల్లో కొన్నింటిలో మిగతాదంతా చదరపు లిపిలో రాసి, దేవుని నామం మాత్రం పాత లిపిలో రాశారు. సమరయుల ధర్మశాస్త్రం ఇప్పటికీ ఆ పాత లిపి నుంచి వచ్చిన అక్షరాల్లోనే ఉంది.

అపోహ: అన్ని అక్షరమాలలకూ హెబ్రీయే తల్లి.

అక్క, మహా అయితే. 1905లో సినాయిలోని సెరాబిత్ ఎల్ ఖాదిమ్ దగ్గర, ఐగుప్తీయులు నీలిరాయి తవ్వించిన గనుల ప్రాంతంలో, పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీకి వింత రాతలు దొరికాయి. 1916లో ఐగుప్తు లిపుల పండితుడు అలాన్ గార్డినర్ వాటి కిటుకు పట్టుకున్నాడు. బొమ్మ గీసి, దాని సెమిటిక్ (హెబ్రీ, అరమాయిక్ లాంటి భాషల కుటుంబం) పేరులోని మొదటి ధ్వనిని మాత్రం తీసుకోవడం. ఎద్దుని 'అల్ప్' అనేవాళ్లు, కాబట్టి ఎద్దు తల గీస్తే ఆలెఫ్ ధ్వని. ఫినీషియన్, హెబ్రీ, అరమాయిక్ లిపులు మూడూ ఆ వంశానివే. మన బ్రాహ్మి లిపికి అరమాయిక్ ఆధారమని చాలామంది పండితులంటారు, ఇక్కడే పుట్టిందనేవాళ్లూ ఉన్నారు.

అపోహ: ఆ బొమ్మల్లోనే మాటల అసలు అర్థం దాగి ఉంది.

ఎక్కువ చప్పట్లు పడేది దీనికే. "ఆలెఫ్ ఎద్దు, అంటే బలం. బేత్ ఇల్లు. రెండూ కలిపితే ఇంటికి బలం, అదే 'ఆవ్', తండ్రి!" (ఇక్కడ బేత్‌ని 'వ్' అని పలుకుతారు.) వినడానికి భలే ఉంటుంది. అయితే అవే రెండు అక్షరాలతో మొదలయ్యే 'ఎవ్యోన్' అంటే నిరుపేద, 'ఆవద్' అంటే నశించిపోవడం. అక్కడ ఎద్దు బలం ఏమైంది? దీనికి జవాబు చెప్పిన ప్రసంగం నేనింతవరకూ వినలేదు.

ఇంకో ఇబ్బంది ఉంది. తండ్రిని ప్రాచీన మెసొపొటేమియాలోని అక్కాదీయులూ 'అబు' అనే పిలిచేవాళ్లు, కీలాక్షరాల్లో (మేకు ఆకారపు గుర్తుల్లో) రాసేవాళ్లు. అక్కడ ఎద్దూ లేదు, ఇల్లూ లేదు. మాట ముందు పుట్టింది, అక్షరం తర్వాత వచ్చింది. పైగా యెషయా కాలానికే, అంటే ఆ సిలోయము శాసనం నాటికే, ఆలెఫ్ వట్టి గీతలుగా మారిపోయింది. మాట అర్థం కావాలంటే ఆ మాట ఏ వచనాల్లో ఎలా వాడారో చూడండి, నిఘంటువులు తయారయ్యేదీ అలాగే.

పోనీ, బొమ్మలింకా బొమ్మల్లాగే కనిపించిన రోజుల్లో ఏం రాశారంటారా? యూదా దేశపు పాత పట్టణం లాకీషు తవ్వకాల్లో 2016లో ఒక దంతపు దువ్వెన దొరికింది. దాని వయసు సుమారు 3,700 ఏళ్లు. మీద సన్నగా గీసి ఉన్న అక్షరాలను చదివి 2022లో ప్రకటించారు. ఈ దంతం తలలోని, గడ్డంలోని పేలను ఏరివేయాలని ఉంది.