నీలిమందు వేసిన తెలుపు

కిందటి దసరాకు శ్రీకాకుళంలో మా అక్కయ్య వాళ్లింటికి 43 అంగుళాల టీవీ వచ్చింది. దుకాణంలో గోడ నిండా వెలుగుతున్న వాటిలో అన్నిటికంటే తళతళలాడినది అదేనట. తరువాతి మంగళవారం విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం ప్రసారమవుతుంటే అందరం దాని ముందు చేరాం. కాసేపటికి బావగారు నా వైపు తిరిగి, "బొమ్మ బాగానే ఉంది గానీ, మనుషుల ముఖాల్లో రక్తం లేదేమిటి?" అని అడిగారు.

జవాబు ఆయన భుజం మీదే ఉంది. అది పొందూరు ఖద్దరు కండువా. అడిగి తీసుకుని, కిటికీలోంచి వచ్చే పగటి వెలుగు దాని మీద పడేలా తెర అంచున పట్టుకున్నాను. జనంలో తెల్లచొక్కా కనిపించినప్పుడల్లా రెంటినీ పోల్చి చూశాం. ఖద్దరు పక్కన తెర మీది తెలుపు లేత నీలమని ఇట్టే తెలిసిపోయింది.

ఈ కిటుకు మన ఇళ్లకు కొత్త కాదు. ఉతికిన తెల్లబట్టలను చివరిసారి జాడించేటప్పుడు నీటిలో నాలుగు చుక్కలు నీలిమందు వేస్తాం. బట్టలోని పసుపు ఛాయ అణిగి, కంటికి మరింత తెల్లగా తోస్తుంది. టీవీలో 'వివిడ్' అనే అమరిక చేసేదీ ఇదే. తెలుపు ఛాయను కెల్విన్లలో కొలుస్తారు. అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది. సినిమాలకూ కార్యక్రమాలకూ రంగులు దిద్దేవారు ప్రమాణంగా పెట్టుకునే తెలుపు సుమారు 6500 కెల్విన్, అంటే పగటి వెలుగుకు దగ్గరిది. వివిడ్‌లో అది 10,000 దాటడం మామూలే. పైగా మామూలు ఎల్ఈడీ టీవీ తెర వెనక పుట్టే అసలు వెలుగే నీలం. దానికి పసుపు ఫాస్ఫర్ పూత, అంటే ఆ నీలంలో కొంత పీల్చుకుని పసుపు వెలుగునిచ్చే పదార్థం జోడిస్తే తెలుపు వస్తుంది. ఆ నీలి ఎల్ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది.

నేను అమరికను 'సినిమా'కూ, రంగు ఛాయను 'వార్మ్'కూ మార్చాను. పసుపు కొట్టినట్టుందని అక్కయ్య మొదటిరోజు ఒప్పుకోలేదు. కన్ను కొత్త తెలుపుకు అలవాటు పడడానికి రెండు మూడు రోజులు ఇవ్వాలి. నాలుగోరోజు పాత అమరిక పెట్టి చూపిస్తే, ఈ నీలం ఎక్కడి నుంచి వచ్చిందని తనే అడిగింది.

అయితే బొమ్మకు ప్రాణం పోసేది తెలుపుకంటే నలుపు. ప్రకటనల్లో మాత్రం దాని ఊసే ఉండదు. 1888లో రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త క్యారెట్ నుంచి తీసిన ఒక పదార్థాన్ని వేడిచేస్తే అది రెండుసార్లు కరిగింది. 145 డిగ్రీల దగ్గర మబ్బుపట్టిన ద్రవంగానూ, 178 దాటాక తేటగానూ మారింది. ఆ మబ్బు దశే ద్రవస్ఫటికం. అలాంటి అణువులే నేటి తెరలో లక్షల కిటికీ రెక్కల్లా పనిచేస్తూ వెనకనున్న వెలుగును ఆపుతాయి, వదులుతాయి. చిక్కేమిటంటే, రెక్క ఎంత మూసినా సందులోంచి వెలుగు కారుతుంది. అందుకే రాత్రి సన్నివేశాల్లో చీకటి బూడిదరంగులో కనిపిస్తుంది. ఈ రెక్కల తెరల్లో ఐపీఎస్, వీఏ అని రెండు ముఖ్య రకాలున్నాయి. ఐపీఎస్ రకం తెరలో తెలుపుకూ నలుపుకూ తేడా సుమారు వెయ్యి రెట్లు. వీఏ రకంలో మూడు వేలు, ఆపైన. కానీ వీఏ తెరను పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఒకరు మంచం మీద, ఒకరు గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని చూసే ఇంటికి ఐపీఎస్ నయం. అందరూ ఎదురుగా కూర్చునే గదైతే నేను వీఏనే కొనమంటాను.

ఓఎల్ఈడీ అనే మరో రకం తెరలో రెక్కలు లేవు. ప్రతి పిక్సెల్, అంటే బొమ్మలోని ప్రతి చుక్క, తనకు తానే వెలుగుతుంది, ఆరిపోతుంది. ఆ నలుపు చూసినవారు మరచిపోలేరు. కానీ పొద్దున్నుంచి రాత్రిదాకా వార్తా చానల్ నడిచే ఇంట్లో దాన్ని పెట్టమని చెప్పలేను. కింద కదలకుండా ఉండే ఎర్రపట్టీ, మూలనుండే చానల్ గుర్తు ఏళ్ల తరబడి ఒకేచోట వెలిగితే అక్కడి పిక్సెళ్లు ముందుగా అరిగి, మచ్చ నిలిచిపోతుంది.

ఒక పరీక్ష చెబుతాను. పగలు టీవీ ఆపేసి తెర వంక చూడండి. ఇప్పుడు ఎంత నల్లగా ఉందో, ఆ వెలుతురులో దాని నుంచి అంతకంటే నల్లటి నలుపు రాదు. అక్కయ్యగారి టీవీ వీధి కిటికీకి ఎదురుగా ఉండేది. పక్కగోడకు మార్చి, ఎదురుగా ఉన్న ట్యూబులైటు ఆపి, టీవీ వెనక గోడ మీద పడేలా చిన్న బల్బు పెట్టాం. అమరికలన్నీ కలిసి తెచ్చిన మార్పుకంటే ఇదే పెద్దది.

ఇక 4కే, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు పిక్సెళ్లున్న తెర సంగతి. ఆరోగ్యమైన కన్ను సుమారు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకే వివరాలను విడదీయగలదు. ఆ లెక్కన 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీది పిక్సెళ్లు ఐదున్నర అడుగులు దాటితే విడిగా కనిపించవు. మన ఇళ్లలో సోఫా తొమ్మిది పది అడుగుల దూరంలో ఉంటుంది. అంత దూరం నుంచి 4కే అదనపు వివరం కంటికి అందదు. పైగా మామూలు ఎస్‌డీ చానల్ బొమ్మలో 720×576 పిక్సెళ్లే ఉంటాయి. 4కే తెరలో 3840×2160. అంటే సరిగ్గా ఇరవై రెట్లు. వచ్చినది ఒక పిక్సెల్ అయితే తక్కిన పంతొమ్మిదీ టీవీ ఊహించి నింపినవే. 'షార్ప్‌నెస్' పెంచితే ఆ ఊహకు గీతలు గీసినట్టవుతుంది, అక్షరాల చుట్టూ తెల్లటి అంచు తేలుతుంది. దాన్ని బాగా తగ్గించండి. సెకనుకు 24 చిత్రాలతో తీసిన సినిమాకు నడుమ కల్పిత చిత్రాలు చేర్చే అమరికనూ ఆపేయండి. క్రికెట్‌కు కావాలంటే ఉంచుకోవచ్చు.

దుకాణానికి వెళ్లేటప్పుడు మీకు బాగా తెలిసిన సినిమాలోని రాత్రి సన్నివేశం ఒకటి పెన్‌డ్రైవులో తీసుకెళ్లండి. టీవీని 'సినిమా' అమరికలో పెట్టమనండి, వీలైతే పైనున్న దీపాలు ఆపమనండి. ముందు ఎదురుగా, తరువాత మీ ఇంట్లో చాప పరిచేంత పక్కకు జరిగి, నల్లజుట్టులో వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూడండి.