అపోహలు - వాస్తవాలు: కంటికి కనిపించే పర్యావరణం, మీటరుకు అందే పర్యావరణం

సరస్సుల నీటి స్థితిని కొలిచి నివేదికలు రాయడం నా వృత్తి. ఈ పనిలో ఉన్నవారికి ఎదురయ్యే ప్రశ్నల్లో చాలా వరకు ఒకే నమ్మకం నుంచి పుడతాయి: ప్రకృతి బాగుందో లేదో చూడగానే తెలిసిపోతుందన్న నమ్మకం. ఆ చూపు ఎక్కడెక్కడ మోసపోతుందో ఇక్కడ వివరిస్తున్నాను. నా రంగం నీళ్లు కాబట్టి వాటి ప్రస్తావన కాస్త ఎక్కువగానే ఉంటుంది.

అపోహ: నీటి మీద పచ్చదనం పరచుకుంటే ఆ సరస్సు కళకళలాడుతున్నట్టే.

వేసవిలో నాచు దట్టంగా పట్టిన నీటిలోకి మధ్యాహ్నం మూడు గంటలకు ఆక్సిజన్‌ను కొలిచే మీటరు దించితే, కరిగిన ఆక్సిజన్ లీటరుకు 15 మిల్లీగ్రాములు దాటి కనిపించవచ్చు. ఆ వేడిలో గాలితో సమతూకంలో ఉన్న మామూలు నీరు పట్టి ఉంచగలిగేది దాదాపు 8 మిల్లీగ్రాములే కాబట్టి, పక్కన నిలబడి చూసేవారికి ఆ అంకె ముచ్చటగానే ఉంటుంది. అదే మీటరును అదే చోట సూర్యోదయానికి ముందు దించితే 2 కంటే దిగువన చూపించవచ్చు. పగలంతా ఆక్సిజన్‌ను వదిలిన నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. చచ్చిన నాచును కుళ్లబెట్టే బ్యాక్టీరియా మిగిలినదాన్ని వాడేస్తుంది. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి కొట్టుకోవడం ఆ వేళలోనే కనిపిస్తుంది. మధ్యాహ్నపు కొలత ఒక్కటే ఉన్న నివేదిక నా బల్ల మీదికి వస్తే, దాన్ని పక్కన పెట్టి తెల్లవారుజామున మళ్లీ కొలవమంటాను.

ఆ పచ్చదనం ఎక్కడిదన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు కెనడాలో దొరికింది. ఒంటారియో రాష్ట్రపు వాయవ్య భాగంలో పరిశోధనలకే కేటాయించిన చిన్న సరస్సులు కొన్ని ఉన్నాయి. వాటిలో 226 అనే సంఖ్య గల సరస్సును డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం 1973లో తెర కట్టి రెండుగా విడదీసి, ఒక సగంలో కార్బన్‌ను, నత్రజనిని కలిపింది. రెండో సగంలో ఆ రెండింటితో పాటు భాస్వరాన్ని కూడా కలిపింది. భాస్వరం పడిన సగం నీలి ఆకుపచ్చ నాచుతో నిండిపోగా, భాస్వరం లేని సగం దాదాపు ఎప్పటిలాగే ఉండిపోయింది. బట్టల డిటర్జెంట్లలోని ఫాస్ఫేట్ల, అంటే భాస్వరపు లవణాల, తప్పేమీ లేదని తయారీదారులు వాదిస్తున్న కాలమది. ఆకాశం నుంచి తీసిన ఆ రెండు రంగుల సరస్సు ఫొటో ముందు ఆ వాదన నిలబడలేదు. పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువు, శుద్ధి చేయని మురుగు నేటికీ చేస్తున్నది భాస్వరం పడిన ఆ సగంలో జరిగిన పనినే.

అపోహ: నీరు తేటగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టే.

నేను చూసినంతలో దీన్ని వదులుకోవడమే జనానికి అన్నిటికంటే కష్టం. ఆమ్ల వర్షాల వల్ల దెబ్బతిన్న సరస్సులు తరచుగా అద్దంలా తేటగా, అడుగు కనిపించేంత నీలంగా ఉంటాయి, ఎందుకంటే నీటికి రంగును, మసకను ఇచ్చే పదార్థాలు అక్కడ చాలా వరకు లేకుండా పోతాయి. ఇంతకు ముందు చెప్పిన పరిశోధన ప్రాంతంలోనే 223వ సరస్సులో 1976 నుంచి కొన్నేళ్లపాటు సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ పీహెచ్‌ను (ఆమ్లత్వపు కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5 దాకా దించారు. అక్కడి పెద్ద ట్రౌట్ చేపలను ఆమ్లం నేరుగా చంపలేదు. అవి తినే చిన్న చేపలు, రొయ్యలను పోలిన చిన్న జీవులు ముందే నశించడంతో, ట్రౌట్లు ఏడాదికేడాది చిక్కిపోతూ తలలు పెద్దవిగా, ఒళ్లు ఎండుకుపోయి తేలాయి. ఆ మార్పులు జరుగుతున్నంత కాలం ఒడ్డున నిలబడిన మనిషికి కనిపించేది మాత్రం చక్కటి తేట నీరే.

అపోహ: ఎక్కడైనా సరే, చెట్టు నాటితే మేలే.

నరికేసిన అడవిని అక్కడి జాతులతోనే తిరిగి పెంచడం మంచి పనే. చిక్కు ఎక్కడంటే, చెట్లు లేని ప్రతి నేలా చెట్లు పోగొట్టుకున్న నేల కాదు. బ్రెజిల్‌లోని సెరాడో గడ్డి మైదానాల్లో జీవరాశిలో ఎక్కువ భాగం వేళ్ల రూపంలో నేల కిందే ఉంటుంది. పైన పలచగా కనిపించే ఆ నేలను ఖాళీ జాగాగా లెక్కగట్టి యూకలిప్టస్ తోటలు వేస్తే, ఎండకు అలవాటుపడిన గడ్డి జాతులూ వాటిని నమ్ముకున్న జీవులూ తప్పుకోవలసి వస్తుంది. నీటి సంగతి మరీ ముఖ్యం. లోతుగా వేళ్లు దన్నే చెట్లు గడ్డి కంటే ఎక్కువ నీటిని తోడి ఆవిరిగా వదులుతాయి కాబట్టి, తోటలు వేసిన చోట్ల వాగుల్లో ప్రవాహం తగ్గడం మాకు మామూలుగా ఎదురయ్యే విషయం. దక్షిణాఫ్రికాలో 1995లో ప్రభుత్వమే డబ్బు ఖర్చుపెట్టి, వ్యాపించిపోయిన విదేశీ పైన్, తుమ్మ జాతి చెట్లను నరికించే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. నదుల్లో నీటిని కాపాడుకోవడం దాని ప్రధాన ఉద్దేశాల్లో ఒకటి.

అపోహ: మనం పీల్చే ఆక్సిజన్‌లో 20 శాతం అమెజాన్ అడవే ఇస్తుంది.

ఆ అడవి తయారుచేసే ఆక్సిజన్‌ను దాదాపు అంతా అక్కడి చెట్ల శ్వాసక్రియ, రాలిన ఆకులను కుళ్లబెట్టే సూక్ష్మజీవులే వాడుకుంటాయి. గాలిలోని ఆక్సిజన్ కోట్ల సంవత్సరాలపాటు పోగుపడిన నిల్వ. అమెజాన్ విలువ అది దాచి ఉంచిన కార్బన్‌లో, తిరిగి తిరిగి కురిపించే వర్షంలో, అందులో మాత్రమే బతికే జీవుల్లో ఉంది.

అపోహ: వేటాడే జంతువును తొలగిస్తే మిగిలిన జీవాలు హాయిగా పెరుగుతాయి.

అమెరికా పశ్చిమ తీరంలో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త 1963 నుంచి ఒక రాతి తీరం మీద నక్షత్ర చేపలను ఏరి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చారు. వాటికి ఆహారమైన ఆల్చిప్పల జాతి రాళ్లన్నిటినీ ఆక్రమించడంతో, అక్కడున్న 15 జాతులు 8కి పడిపోయాయి. ఇదంతా నిజమే, కానీ వేటాడే జంతువే మిగిలిన జీవాలను నిలబెడుతుందన్న ఈ సూత్రానికి మా రంగంలోనే ఒక అపోహ మొలిచింది: అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులోకి 1995లో తోడేళ్లను తిరిగి తెచ్చాక, అవి ఎల్క్ దుప్పులను అదుపు చేయగా దుప్పులు మేసే విల్లో పొదలు మళ్లీ పెరిగి, నదుల గతే మారిపోయిందన్న కథ. తోడేళ్లు పోయిన దశాబ్దాల్లో వాగుల మీద ఆనకట్టలు కట్టే బీవర్లు కూడా మాయమై, వాగులు లోతుగా కోసుకుపోయి, భూగర్భ జలం కిందికి దిగిపోయింది. అలాంటి చోట్ల ఎల్క్ దుప్పుల మేత తగ్గినంత మాత్రాన విల్లో పొదలు పూర్వంలా ఎదగలేదు. కథ అందంగా ఉంది కాబట్టి మేమూ దాన్ని సభల్లో చాలాసార్లు చెప్పామని ఒప్పుకోవాలి.

అపోహ: మనం తప్పుకుంటే చాలు, ప్రకృతి తనంతట తానే కోలుకుంటుంది.

కొన్నిసార్లు కోలుకుంటుంది, చాలాసార్లు మనం అనుకున్న వేగంతో కాదు. కెనడా తూర్పు తీరంలో కాడ్ చేపల వేటను 1992లో ఆపేశారు. కొన్నేళ్లలో తిరిగి వస్తాయనుకున్న ఆ చేపలు దశాబ్దాలు గడిచినా పూర్వపు సంఖ్యకు చేరలేదు. సరస్సుల విషయంలో కారణం అడుగునే ఉంటుంది. స్వీడన్‌లోని ట్రుమెన్ అనే సరస్సులోకి వచ్చే మురుగును 1950ల చివరలోనే మళ్లించారు, అయినా పదేళ్ల తరువాత కూడా అందులో నాచు తగ్గలేదు. అప్పటిదాకా బురదలో పేరుకున్న భాస్వరం ప్రతి వేసవిలోనూ తిరిగి నీటిలోకి ఎక్కుతూ వచ్చింది. 1970, 1971 సంవత్సరాల్లో అడుగున ఉన్న పై పొరను సుమారు మీటరు మందాన యంత్రాలతో తోడేసిన తరువాతే ఆ నీరు దారికొచ్చింది.

అందువల్ల, మురుగు ఆపేశాం కదా, ఇంకా ఎందుకు పచ్చగానే ఉందని ఎవరైనా పిలిచినప్పుడు, మేము నీటి సీసాల కంటే ముందు పారదర్శకమైన పొడవాటి గొట్టాన్ని పడవలోకి ఎక్కిస్తాం. దాన్ని అడుగులోకి నిలువుగా దించి, మూత బిగించి పైకి లాగితే, కింద గట్టిపడిన పాత బంకమన్ను బూడిద రంగులో, దాని మీద జానెడు మందాన జావ లాంటి నల్లటి బురద, మూత తీయగానే కుళ్లిన గుడ్ల వాసన. ఆ నల్లటి పొరను సెంటీమీటరు చొప్పున ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఎంత భాస్వరం ఉందో ప్రయోగశాలలో తేల్చాక గానీ, ఆ సరస్సు ఎన్నేళ్లలో కోలుకోవచ్చునన్న ప్రశ్నకు నేను నోరు విప్పను.