కమ్యూనిటీ కాలేజీ కోర్సులు: అపోహలు - వాస్తవాలు

కాలిఫోర్నియాలోని బే ఏరియాలో, ఒక కమ్యూనిటీ కాలేజీలో, అంటే మొదటి రెండేళ్ళ కాలేజీ చదువులూ సర్టిఫికెట్ కోర్సులూ చెప్పే ప్రభుత్వ కాలేజీలో, కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. ఎవరు ఏ కోర్సు తీసుకోవాలి, ఏది ముందు, ఏది తర్వాత అని విద్యార్థులతో కూర్చుని చూడడమే నా ఉద్యోగం. తెలుగువాళ్ళు బాగానే వస్తారు. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళు, హైస్కూలు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులు, ఇండియాలో బీడీఎస్ (డెంటల్ డిగ్రీ) చేసొచ్చి ఇక్కడ ఖాళీగా ఉన్నవాళ్ళు. వాళ్ళ సందేహాల్లో సగం వాట్సాప్ గ్రూపుల్లో పుట్టినవే. ఇక్కడ చెప్పేవన్నీ కాలిఫోర్నియా సంగతులు. టెక్సాస్, న్యూజెర్సీల్లో ఉన్నవాళ్ళు ఫీజులూ లైసెన్సు రూల్సూ అక్కడివి చూసుకోవాలి.

అపోహ: కమ్యూనిటీ కాలేజీ అంటే మంచి యూనివర్సిటీలో సీటు రానివాళ్ళు చేరే చోటు.

పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట చేరడం మనకు తెలిసిందే. ఇక్కడ రెండేళ్ళు చదివి యూనివర్సిటీకి మారడం కూడా దాదాపు అలాంటి దారే. కాకపోతే మధ్యలో ఎంట్రన్స్ ఉండదు, ఇక్కడ తెచ్చుకున్న గ్రేడ్లే చూస్తారు, చేరేది మూడో ఏట. రాష్ట్రంలో ఇలాంటి కాలేజీలు 116 ఉన్నాయి. స్థానికులకు సెమిస్టరు యూనిట్ (కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క) ఫీజు 46 డాలర్లు, 2012 నుంచి పెరగలేదు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు నిర్ణీత కోర్సులు, జీపీఏ (గ్రేడ్ల సగటు) ఉంటే సీటు ఖాయమని ముందే మాటిస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ అలా ఇవ్వవు. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో 'అసిస్ట్' అనే వెబ్‌సైట్‌లో ఉంటుంది. దాన్ని చూడకుండా రెండేళ్ళ ప్లాన్ వేసుకుని వచ్చేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది.

అపోహ: హెచ్4 మీద చదవకూడదు.

చదవచ్చు. ఒక్క కోర్సైనా సరే, ఫుల్‌టైమ్ అయినా సరే, అందుకోసం ఎఫ్1 (విద్యార్థి వీసా)కి మారక్కర్లేదు. రాష్ట్రంలో ఏడాది మీద ఒక రోజు ఉండి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశానికి కాగితాలు చూపిస్తే స్థానికుల ఫీజే పడుతుంది. ఉద్యోగం మాత్రం వేరే సంగతి, దానికి ఈఏడీ (పనిచేయడానికి అనుమతి కార్డు) కావాలి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను క్రెడిట్ కోర్సుల్లో చేర్చడం కుదరదు.

అపోహ: పిల్లలు తొమ్మిదో తరగతి నుంచే ఇక్కడ ప్రోగ్రామింగ్ తీసుకుంటే అప్లికేషన్‌కి బలం, పోయేదేమీ లేదు.

పోయేది ఉంది. హైస్కూలు పిల్లలకు చాలా కాలేజీలు 11 యూనిట్ల వరకు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోవు కాబట్టి ఇదేదో వేసవి క్యాంపులా కనిపిస్తుంది. కానీ వచ్చిన గ్రేడ్ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉంటుంది. నాలుగేళ్ళ తర్వాత యూనివర్సిటీకి అప్లై చేసేటప్పుడు దాన్ని దాచిపెట్టడానికి లేదు. పైథాన్ మొదటి కోర్సు చాలామంది పిల్లలు బాగానే దాటేస్తారు. ఆ ఊపులో సీ++, వెంటనే డేటా స్ట్రక్చర్స్ తీసుకుంటారు. అక్కడ పాయింటర్లు, రికర్షన్ వచ్చేసరికి, వారానికి ఎన్ని గంటలు కూర్చుంటున్నారన్నదే తేలుస్తుంది. బడి పరీక్షలూ అప్పుడే ఉంటాయి. కుదరడం లేదనిపిస్తే గడువులోపు మానుకుంటే గ్రేడ్ బదులు 'డబ్ల్యూ' (విత్‌డ్రా, అంటే మానుకున్నట్టు) పడుతుంది. అది డీ గ్రేడ్ కన్నా నయం. గడువు తేదీ కాలేజీ క్యాలెండర్‌లో ఉంటుంది, కాని దాన్ని తెరిచి చూసేవాళ్ళే తక్కువ.

ఇంకో మాట. "మావాడికి ఎంతొచ్చింది?" అని నాకు ఫోన్ చేస్తే చెప్పలేను. విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీ కోర్సులో చేరగానే ఆ రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, వయసు పదిహేనైనా సరే. పిల్లాడు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. దీనికి కోపం తెచ్చుకునే నాన్నలే తర్వాత హోంవర్క్ కోడ్ కూడా చూసి పెడుతుంటారు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కదా! వేరియబుల్ పేర్లు మార్చినా, వరసలు అటూఇటూ చేసినా పోలికలు పట్టుకునే ప్రోగ్రాములున్నాయి. ఇద్దరు స్నేహితులకు ఒకే నాన్న సాయం చేస్తే దొరికిపోతారు.

పెద్దవాళ్ళ సంగతి క్లుప్తంగా. బీటెక్ ఉన్నవాళ్ళు మళ్ళీ డిగ్రీ చేయక్కర్లేదు, కావలసిన ఒకటి రెండు కోర్సులే తీసుకోవచ్చు. ప్రీరిక్విజిట్ (ముందే పూర్తిచేసి ఉండాల్సిన కోర్సు) చూపించడానికి ఇండియా మార్కుల లిస్టులను మూల్యాంకన సంస్థతో తనిఖీ చేయించాలి. అది ఒక్క రోజులో అయ్యే పని కాదు కాబట్టి ముందే మొదలుపెట్టండి. ఇక్కడి ప్రోగ్రామింగ్ సర్టిఫికెట్ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెడుతుందని మాత్రం నేనెవరికీ చెప్పను.

అపోహ: డాన్స్ అంటే కష్టపడకుండా వచ్చే యూనిట్లు.

లెక్క చూడండి. ఇంగ్లిష్ లాంటి కోర్సులో వారానికి గంట క్లాసుకు ఒక యూనిట్. డాన్స్‌లో వారానికి సుమారు మూడు గంటలు చెమటోడిస్తే ఒక యూనిట్. రాతపరీక్షలూ, ప్రదర్శన చూసొచ్చి రాసే వ్యాసాలూ అదనం. పాసైన కోర్సునే ప్రతి సెమిస్టరూ తీసుకుంటూ పోవడం 2013 నుంచి కుదరదు. ఒక కోవకు చెందిన కోర్సులు నాలుగు దాటనివ్వరు. పదేళ్ళు కూచిపూడి నేర్చిన పిల్లలు నేరుగా మోడర్న్ డాన్స్ రెండో లెవెల్‌కి వెళ్తామంటారు. లయ, జ్ఞాపకశక్తి పనికొస్తాయి, నిజమే. కానీ అరమండికి (మోకాళ్ళు పక్కలకు వంచి నిలబడే భంగిమ) అలవాటుపడిన మోకాళ్ళు, పాదాలు సమాంతరంగా పెట్టి నేలమీద దొర్లే పద్ధతికి రావడానికి సమయం పడుతుంది. మొదటి లెవెల్‌లో చేరితే చిన్నతనమేమీ కాదు.

అపోహ: డెంటల్ అసిస్టింగ్ అంటే పళ్ళు క్లీన్ చేసే ఉద్యోగం, బీడీఎస్ ఉన్నవాళ్ళకు డాక్టర్ కావడానికి మొదటి మెట్టు.

రెండూ కాదు. పళ్ళ మీద గార తీసేది హైజీనిస్ట్. అది వేరే చదువు, వేరే లైసెన్సు. ఫుట్‌హిల్ కాలేజీలో అయితే దానికి బ్యాచిలర్స్ డిగ్రీయే ఉంది. అసిస్టెంట్ డాక్టర్ పక్కన కూర్చుని సక్షన్ పడతారు, పరికరాలు అందిస్తారు, మెటీరియల్ కలుపుతారు, ఎక్స్‌రేలు తీస్తారు, స్టెరిలైజేషన్ చూస్తారు. కోడా (డెంటల్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సులో కనీసం 900 గంటల శిక్షణ ఉండాలి, అందులో 300 గంటలు క్లినిక్‌లోనే. సాయంత్రం ఖాళీ సమయంలో చేసేద్దామంటే కష్టం. హెపటైటిస్ బి టీకా, టీబీ పరీక్ష, సీపీఆర్ కార్డు లేకుండా క్లినిక్‌లో అడుగు పెట్టనివ్వరు.

ఇక బీడీఎస్‌వాళ్ళు. ఈ కోర్సు క్రెడిట్లు డీడీఎస్ (ఇక్కడి డెంటిస్టు డిగ్రీ)లో కలవవు. డాక్టర్ దారి ఐఎన్‌బీడీఈ అనే జాతీయ డెంటల్ బోర్డు పరీక్ష, ఆపైన యూసీఎస్ఎఫ్, యూసీఎల్ఏ లాంటి చోట్ల విదేశీ డెంటిస్టుల ప్రోగ్రాములు. అయినా కొందరికి ఇక్కడి క్లినిక్ పద్ధతి తెలుసుకోవడానికి ఈ చదువు పనికొస్తుంది. పళ్ళ నంబర్లే తీసుకోండి. మన దగ్గర 21 అంటే పై దవడలో ఎడమ ముందు పన్ను. ఇక్కడ ఒకటి నుంచి 32 దాకా వరసగా లెక్కపెడతారు కాబట్టి 21 అంటే కింది దవడలో ఎడమవైపు మొదటి ప్రీమోలార్. చార్టింగ్‌లో (పేషెంటు పళ్ళ వివరాలు రాసుకోవడంలో) ఈ తడబాటు చిన్నదేమీ కాదు. ఈఏడీ లేనివాళ్ళు మాత్రం, జీతం లేని ఎక్స్‌టర్న్‌షిప్ (కోర్సులో భాగంగా క్లినిక్‌లో చేసే శిక్షణ) అయినా, కోర్సులో చేరకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

అపోహ: క్లాసు నిండిపోయిందని చూపిస్తే ఇక లేనట్టే.

డెంటల్ లాంటి బ్యాచ్ కోర్సులకు ఇది నిజమే, వాటికి విడిగా అప్లికేషన్ ఉంటుంది. ప్రోగ్రామింగ్, డాన్స్ అయితే వెయిట్‌లిస్ట్‌లో పేరు పెట్టి మొదటి క్లాసుకు వెళ్ళండి. ఆ రోజు రానివాళ్ళ పేర్లు చాలామంది ప్రొఫెసర్లు తీసేస్తారు. ఖాళీ ఉంటే యాడ్ కోడ్ (క్లాసులో చేరడానికి అనుమతి నంబరు) ఇస్తారు, దాన్ని గడువులోపు మీరే పోర్టల్‌లో ఎక్కించుకోవాలి.