మన సంఘం పిల్లలకు: చర్చికి జీతం స్లిప్పుతో పనేమిటి?

ప్రియమైన పిల్లలారా,

ప్రభువైన యేసు నామంలో మీ అందరికీ వందనాలు, ఆశీస్సులు.

పోయిన యూత్ కూడికలో మీరు రెండు ప్రశ్నలు అడిగారు. అక్కడికక్కడ జవాబు చెప్పి ఉంటే సగం సగం అయ్యేది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఒకటి: "చర్చిలో చేయాల్సింది ప్రార్థన కదా అమ్మమ్మా, పౌరకార్మికుల (రోడ్లు ఊడ్చి చెత్త ఎత్తేవాళ్ళ) పీఎఫ్ సంగతి మనకెందుకు?" రెండోది మన కోయిర్‌లో పాడే అక్క గురించి. అది అడిగిన అబ్బాయి బాగా గొంతు తగ్గించి అడిగాడు. నాన్నా, గట్టిగానే అడుగు. అడగాల్సిన ప్రశ్నే.

ముందు పీఎఫ్, అంటే ముసలితనం కోసమని జీతంలోంచి కోసి దాచే డబ్బు సంగతి చూద్దాం.

మన చర్చి మెథడిస్టు శాఖది. ఆ మెథడిస్టుల కథ మొదలైందే ఇలాంటి పనులతో. 1729 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ వెస్లీ, తమ్ముడు చార్లెస్, ఇంకొందరు కుర్రాళ్ళు కలిసి బైబిలు చదివేవాళ్ళు, ఉపవాసాలుండేవాళ్ళు. 1730 నుంచి ఆ ఊరి జైలుకి కూడా వెళ్ళడం మొదలుపెట్టారు. అప్పులు కట్టలేక లోపల పడ్డవాళ్ళని విడిపించడం, పేద పిల్లలకు చదువు చెప్పించడం వాళ్ళ భక్తిలోకే వచ్చేవి. 1739లో బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల కూలీలకు వెస్లీ ఆరుబయట నిలబడి వాక్యం చెప్పారు. మసిబట్టలతో చర్చికి రాని మనుషుల దగ్గరికి ఆయనే నడిచి వెళ్ళారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి 1742లో జరిగింది. బ్రిస్టల్‌లో కట్టిన ప్రార్థనాలయం మీద అప్పు మిగిలింది. మనిషికి వారానికో పెన్నీ ఇస్తే తీరిపోతుందని ఒకాయన అన్నాడు. అదీ ఇవ్వలేనివాళ్ళున్నారే అని ఇంకొకరు. అప్పుడు సంఘాన్ని పన్నెండేసి మంది గుంపులుగా చేసి, గుంపుకో పెద్దని పెట్టారు. ఆ పెద్ద వారం వారం ఇంటింటికీ వెళ్ళి పెన్నీలు వసూలు చేయాలి, ఇవ్వలేనివాళ్ళ పెన్నీ తన జేబులోంచి వేయాలి. అలా చందాకని గడప దాటి లోపలికి వెళ్ళేసరికి ఎవరి బతుకు ఎలా ఉందో, ఏ ఇంట్లో గొడవలున్నాయో వాళ్ళకి కళ్ళారా కనబడింది. డబ్బు కోసం పెట్టుకున్న ఏర్పాటు చివరికి మనుషుల బాగోగులు కనుక్కునే ఏర్పాటైంది. మన గురువారం ఇంటి కూడికలకు మూలం అక్కడుంది. కాబట్టి ఇంటి కూడికలో పాట అయిపోయాక "జీతం పడిందా అక్కా?" అని ఎవరైనా అడిగితే, ప్రార్థన మధ్యలో లోకం కబుర్లేంటని విసుక్కోకండి.

1785 జనవరిలో లండన్ వీధుల్లో మంచు కరుగుతోంది. 81 ఏళ్ళ వెస్లీ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ మంచునీళ్ళలో పాదాలు నానుతుండగా తిరిగి, పేదల బట్టల కోసం 200 పౌండ్లు అడిగి తెచ్చారు. ఆ వారం చివరికి మంచం పట్టారు. 1774లోనే బానిసల వ్యాపారాన్ని ఖండిస్తూ పుస్తకం రాశారు. 1791లో చనిపోవడానికి వారం ముందు, బానిసత్వం మీద పార్లమెంటులో పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌కి ధైర్యం చెబుతూ ఉత్తరం రాశారు. ప్రార్థన చేసే మనిషే ఇవన్నీ చేశారు, ప్రార్థన మానేసి చేయలేదు.

మీలో కొందరు మెదక్ చర్చి చూసొచ్చారు కదా. అది కట్టించిన పోస్నెట్ దొర కూడా వెస్లీ సంప్రదాయం నుంచి వచ్చిన మిషనరీయే. కరువు రోజుల్లో ఊరికే గింజలు పంచకుండా, జనానికి పని చూపించి దానికి తిండి పెట్టారని మన పెద్దలు చెప్పేవారు. 1924 డిసెంబరు 25న ఆ చర్చిని ప్రతిష్ఠించారు. మరి అది మన చర్చి కాదా అని అడుగుతారేమో. బ్రిటిష్ మెథడిస్టులు పెట్టిన సంఘాలు 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)లో కలిశాయి. మనది అమెరికా మెథడిస్టుల శాఖ. 1870ల్లో విలియం టేలర్ అనే మిషనరీతో దక్షిణాదికి వచ్చింది, 1880లో ఇక్కడ బెంగళూరులో బాల్డ్విన్ స్కూళ్ళు మొదలయ్యాయి, 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్రమైంది. అన్నదమ్ముల బిడ్డల లెక్క.

ఇక మన బెంగళూరు. పొద్దున్నే మీరు స్కూల్ బస్సు కోసం నిలబడే రోడ్డు ఊడ్చే వాళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడే దళితులు. అనంతపురం, చిత్తూరు, కోలారు వైపుల నుంచి తాతల కాలంలోనే వచ్చినవాళ్ళు. మన సంఘంలో మూడో వంతు ఇళ్ళు వాళ్ళవే. 2022 జూలైలో ఉద్యోగాలు పర్మనెంట్ చేయమని పౌరకార్మికులు పని ఆపేసి కూర్చున్నప్పుడు మన స్త్రీల సమాజం వాళ్ళకి మజ్జిగా, పులిహోరా పట్టుకెళ్ళింది. చర్చికి రాజకీయాలెందుకని అప్పుడూ కొందరన్నారు. ఆకలితో కూర్చున్నది మన అక్కచెల్లెళ్ళు, మనం వెళ్ళకపోతే ఇంకెవరు వెళ్తారు?

చెత్త ఆటో మీద హెల్పర్‌గా పనిచేసే ఒక అక్క కాంట్రాక్టరు కింద ఉంది. ఆమె స్లిప్పు నేను చూశాను. సగానికి మడిచి, ఫోన్ కవరులో ఫోన్ వెనక దాచుకుని, మడత దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. అందులో పీఎఫ్ కింద 12 శాతం, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కింద 0.75 శాతం కోసినట్టు ఉంది. మన యూత్‌లో ఒకమ్మాయి యూఏఎన్ అనే పీఎఫ్ నంబరు కొట్టి ఫోన్‌లో పాస్‌బుక్ తెరిచింది. కోసిన నెలలకి ఎదురుగా ఏమీ జమ కాలేదు. అక్క జీతంలోంచీ పోయింది, అక్క ఖాతాలోకీ రాలేదు. ఆ సాయంత్రం యాకోబు పత్రిక 5వ అధ్యాయం తీసి చదువుకున్నాం. పొలం కోసినవాళ్ళకి ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొర పెడుతుందని, ఆ కేకలు దేవుని చెవిన పడ్డాయని అక్కడుంది. ఇంతకంటే సూటిగా బైబిలు ఏం చెప్పాలి? అందుకే నేను పీఎఫ్ పాస్‌బుక్కునీ వాక్యాన్నీ ఒకే బల్ల మీద పెట్టమంటాను.

ఇంకో మనిషి గురించి మీరు తెలుసుకోవాలి. బెజవాడ విల్సన్ మనకి దగ్గర్లోనే, కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, 1966లో పుట్టారు. తెలుగు మాట్లాడే దళిత కుటుంబం, ఇంట్లోవాళ్ళది మలం ఎత్తిపోసే పని. ఆ పనినే లేకుండా చేయాలని జీవితమంతా పోరాడుతున్నారు. 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మనిషి చేత మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా మురుగు కాలువలోకి దింపడాన్ని 2013 చట్టం నేరంగా ప్రకటించింది. కాలువలో చనిపోయినవాళ్ళ కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంత చట్టం ఉన్నా మనుషులు దిగుతూనే ఉన్నారు, చస్తూనే ఉన్నారు. ఎవరైనా మ్యాన్‌హోల్‌లోకి దిగుతుంటే ఫొటో తీసి పెట్టుకుని పెద్దవాళ్ళకి చెప్పండి. అదీ మీ సండే స్కూల్ హోంవర్కే అనుకోండి.

పీఎఫ్ గురించి మాట్లాడితే సరిపోదు. చర్చి లోపల మనం ఎలా ఉన్నామో కూడా చూసుకోవాలి. మన ఆరాధన ఎప్పుడూ పొద్దున తొమ్మిదికే ఉండేది. ఆదివారం డ్యూటీ పడ్డ అక్కలు చివరి ప్రార్థన వేళకి యూనిఫామ్‌లోనే వచ్చి, వెనక గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నిలబడేవాళ్ళు. అప్పటికి ప్రభురాత్రి భోజనం అయిపోయేది. వాళ్ళలో ఒకామె కమిటీలోకి వచ్చాక మొదటి మీటింగ్‌లోనే అడిగింది: "నెలకోసారి ఇచ్చే రొట్టె, రసం మా నోటికి ఎప్పుడు అందుతాయి?" ఆ గదిలో ఎవరికీ మాట రాలేదు. ఇప్పుడు ఆ ప్రభురాత్రి భోజనం, అంటే సంస్కారం, ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి. ట్యూషన్లు పోతున్నాయని మీ అమ్మానాన్నల్లో కొందరికి ఇప్పటికీ కోపమే. ట్యూషన్ మాస్టారు టైమ్ మార్చగలడు, హాజరు మస్టర్ వేసే మేస్త్రీ మార్చడు. కమిటీ ఆ నిర్ణయం మీద గట్టిగా నిలబడ్డందుకు నాకు ఎంతో సంతోషం. ఆమెను కమిటీలో కూర్చోబెట్టకపోతే ఆ ప్రశ్న మనలో ఇంకెవరికీ తట్టేది కాదు. "అందరికీ ఆహ్వానం" అని ఆ గుమ్మం మీదే బోర్డు ఉంది, అది అంతకుముందు నుంచీ ఉంది.

కొందరికి ఆఫీసులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఎందుకుంటుందని మీరు నవ్వుకోవడం విన్నాను. నవ్వొద్దమ్మా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ గుర్తింపు హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులైన దళితులకు ఇప్పటికీ లేదు. అంటరానితనం మాత్రం మతం మారిందని వదిలిపోలేదు. దక్షిణాదిలో కొన్ని చర్చిల్లో కులాన్ని బట్టి వేరే బెంచీలు, వేరే సమాధుల తోటలు ఉన్నాయి. బయటి గవర్నమెంటు ఒకవైపు, లోపలి మనుషులు ఒకవైపు, మధ్యలో ఆ కుటుంబం నలుగుతుంది. పిల్లల సీటు కోసం, ఉద్యోగం కోసం బాప్తిస్మం పేరుని లోపల దాచుకోవాల్సి వచ్చిందంటే అది వాళ్ళకి ఎంత బాధో ఆలోచించండి.

ఇక కోయిర్ అక్క సంగతి.

ఆమె ట్రాన్స్‌జెండర్. ఏమని పిలవాలని చిన్నపిల్లలు అడిగారు. మిగతా అక్కల్ని ఎలా పిలుస్తారో అలాగే, పేరు పెట్టి "అక్కా" అనండి. ఆమె గొంతు మన ఆల్టో వరసని నిలబెడుతోంది, ఆ సంగతి కోయిర్ మాస్టారినే అడగండి. "బైబిలు ఒప్పుకుంటుందా?" అన్నది అసలు ప్రశ్న కదా. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం ఇంటి దగ్గర చదవండి. ఇతియోపియా నుంచి వచ్చిన నపుంసకుడు రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ ఉంటాడు. ధర్మశాస్త్రం ప్రకారం అలాంటివాళ్ళకి సమాజంలో ప్రవేశం లేదు. దారిలో నీళ్ళు కనబడగానే, నాకు బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డేమిటని ఫిలిప్పుని అడుగుతాడు. ఫిలిప్పు ఏ అడ్డూ చెప్పడు, ఇద్దరూ నీళ్ళలోకి దిగుతారు. అదే యెషయా గ్రంథం 56వ అధ్యాయంలో, అలాంటివాళ్ళకి కొడుకులూ కూతుళ్ళూ అనిపించుకోవడం కంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానని దేవుడు మాట ఇచ్చాడు. మన సంఘం ఈ వాక్యాల మీద నిలబడింది.

వెస్లీ కాలంలోనూ ఇలాంటిది జరిగింది. 1732లో ఆక్స్‌ఫర్డ్ జైల్లో బ్లెయిర్ అనే మనిషి ఉన్నాడు. మగవాడితో సంబంధం పెట్టుకున్నాడన్నది అతని మీద కేసు. ఊరంతా అసహ్యించుకుంటుంటే వెస్లీ, ఆయన స్నేహితులు వెళ్ళి అతన్ని చూశారు, కేసులో సాయపడ్డారు, అందుకు మాటలూ పడ్డారు.

అలాగని మెథడిస్టులు ఎప్పుడూ తలుపులు తెరిచే ఉంచారని నేను చెప్పను. ఫిలడెల్ఫియాలో మోకాళ్ళ మీద ప్రార్థిస్తున్న నల్లవాళ్ళని మధ్యలో పట్టి లేపారు. వాళ్ళు బయటికి నడిచి, రిచర్డ్ అలెన్ నాయకత్వంలో 1816లో వేరే మెథడిస్టు చర్చే పెట్టుకున్నారు. 1844లో బానిసల విషయంలో అమెరికా మెథడిస్టులు రెండుగా చీలారు. 1939లో కలిసినా నల్లవాళ్ళని వేరే విభాగంలో పెట్టారు, అది 1968 దాకా పోలేదు. 1972లో అక్కడి యునైటెడ్ మెథడిస్ట్ చర్చి స్వలింగ సంబంధాలు క్రైస్తవ బోధకు సరిపడవని నియమావళిలో రాసుకుంది. దాని మీద 50 ఏళ్ళు గొడవ పడింది. 2019 నుంచి 2023 లోపు అమెరికాలో దాదాపు నాలుగో వంతు సంఘాలు విడిపోయాయి. 2024లో షార్లెట్ నగరంలో జరిగిన మహాసభ ఆ వాక్యాన్ని, అలాంటి సంబంధంలో ఉన్నవాళ్ళని పాస్టర్లుగా అభిషేకించకూడదన్న నిషేధాన్ని తీసేసింది. ఆ కబురు విన్నరోజు నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మన చర్చి స్వతంత్రం, అక్కడి నియమం ఇక్కడికి దానంతటదే రాదు, ఇక్కడ వేరేగా ఆలోచించే విశ్వాసులు చాలామంది ఉన్నారు. మీ ఇళ్ళలోనూ ఉంటారు. వాళ్ళతో వాదించండి, మర్యాద తప్పకండి.

మన దేశం చట్టం మాత్రం ఇప్పటికే కొంత దూరం వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపుని ఒప్పుకుంది, 2018లో స్వలింగ సంబంధాలు నేరం కాదంది. ఆడవాళ్ళు పుల్పిట్ ఎక్కకూడదని అన్న చోటే 2013లో నంద్యాల డయాసిస్‌కి ఇ. పుష్పలలిత గారు సీఎస్ఐ మొదటి మహిళా బిషప్ అయ్యారు. మన తెలుగు గడ్డ మీదే! ఆ ఫొటో మా ఇంట్లో ఉంది, వచ్చి చూడండి.

ఇప్పుడు మీ వల్ల కావలసిన పని. వచ్చే సంస్కారం ఆదివారం మూడు గంటలకే అందరి పీఎఫ్ ఖాతాలు చూడ్డానికి హాల్లో బల్లలు వేస్తున్నాం. పెద్దవాళ్ళు స్లిప్పులూ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులూ తెస్తారు. ఆఫీసుల నుంచి వచ్చే కాగితాలు కన్నడలో ఉంటాయి, వాళ్ళకి మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. మీకు స్కూల్లో కన్నడ ఉంది కాబట్టి మీరు చదివి తెలుగులో చెప్పండి. ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని రండి. ఆధార్‌కి లింకైన ఫోన్ తెచ్చుకోమని మీ మీ వీధుల్లో ఇప్పుడే చెప్పి పెట్టండి, లేకపోతే ఓటీపీ ఇంట్లో ఉన్న కొడుకు ఫోన్‌కి పోతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మనమే నేర్పాం, అందుకని నంబరు వాళ్ళ చేతే కొట్టించండి. కోయిర్ అక్క డెస్క్ దగ్గర టోకెన్లు ఇస్తుంది. పదో తరగతి పిల్లలు పరీక్షలుంటే రావొద్దు, మిగతావాళ్ళు తప్పక రండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ