తుపాకీ తన్నుడు, తులాల లెక్క

హ్యూస్టన్ దగ్గర ఉండే మా బావకి ఒక పిచ్చి ఉంది. శనివారం వస్తే గరాజ్‌లో కూర్చుని తూటాలు తయారు చేసుకుంటాడు, ఆదివారం రేంజ్‌కి పోయి వాటిని కాల్చేసి వస్తాడు. అదేమన్నా చిన్న తుపాకీనా అంటే కాదు, .458 విన్చెస్టర్ మాగ్నమ్ (.458 అంటే అంగుళాల్లో బుల్లెట్ వెడల్పు), ఆఫ్రికాలో ఏనుగుల్నీ అడవిదున్నల్నీ వేటాడేవాళ్ళ కోసం 1956లో వచ్చిన రకం. టెక్సస్‌లో ఏనుగులెక్కడివి బావా అంటే నవ్వి ఊరుకుంటాడు.

దాని బుల్లెట్ 500 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే గింజే, మన కంసాలి గురిగింజ పెట్టి తూచినట్టు అక్కడ ధాన్యపు గింజతో మొదలైన లెక్క, తూటాల వాళ్ళు ఇప్పటికీ వదల్లేదు. బ్రిటిష్ వాళ్ళు ఖాయం చేసిన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే ఒక్కో బుల్లెట్ సుమారు రెండుముప్పావు తులాలు, 32 గ్రాముల పైమాటే. అది సెకనుకి 640 మీటర్ల దాకా వేగంతో బయటికొస్తుంది.

ముందుకి ఎంత పోయిందో వెనక్కి అంత రావాలి, న్యూటన్ దగ్గర అరువు లేదు. పైగా బుల్లెట్ ఒక్కటే అనుకుంటాం గానీ, కాలిన మందు కూడా నాలుగైదు గ్రాములు, గ్యాస్ అయిపోయి బుల్లెట్ కంటే స్పీడుగా వెనకాలే దూసుకొస్తుంది, దాని వాటా కూడా మన భుజమే కట్టాలి. అన్నీ కలిపితే నాలుగు కిలోల రైఫిల్ సెకనుకి ఆరు మీటర్లకి పైగా వేగంతో మీదకొస్తుంది. రెండు మీటర్ల ఎత్తు నుంచి నాలుగు కిలోల సన్నికల్లు జారిపడ్డట్టు అనుకోండి. బుల్లెట్ మోసుకెళ్ళేది 6,600 జౌల్స్, మనకి తగిలేది 80 చిల్లర, తుపాకీ బరువే మనల్ని కాపాడేది. అందుకే బట్ట్‌ని, అంటే తుపాకీ వెనక కొసని, భుజానికి గట్టిగా అదుముకోమంటారు, మన ఒళ్ళు కూడా ఆ బరువులో కలిసిపోతుంది, వదులుగా పట్టుకుంటే మాత్రం సన్నికల్లే.

గరాజ్‌లో పని చూడ్డానికి ఏదో పూజ చేస్తున్నట్టు ఉంటుంది. తూటా పేలాక మిగిలిన ఇత్తడి గొట్టానికి కొంచెం జిడ్డు రాసి, అచ్చులోకి నొక్కి మళ్ళీ పాత సైజుకి తెస్తాడు, పాత ప్రైమర్ (మందుని అంటించే చిన్న టోపీ) ఊడగొట్టి కొత్తది దిగ్గొడతాడు, మందు తూచి పోస్తాడు, ఆ కాసేపు ఫోన్ మోగినా తియ్యడు. ఒకే గొట్టంలో మరిచిపోయి రెండుసార్లు పోస్తే తుపాకీ పేలిపోతుంది. గొట్టం పెద్దది, మందు తక్కువ పోసే రకం అయితే రెండోసారి పోసినా పొంగదు, కంటికి తెలీదు, అక్కడే ప్రమాదం. అన్నట్టు ఇత్తడిని కొట్టేకొద్దీ, నొక్కేకొద్దీ గట్టిపడి పగుళ్ళొస్తాయి, అందుకని అప్పుడప్పుడు గొట్టం మూతిని వేడిచేస్తాడు. మన పెంబర్తి పనివాళ్ళు ఇత్తడి రేకుని మధ్యమధ్యలో కాల్చి మెత్తబరుస్తారే, అదే లోహశాస్త్రం. (మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటా తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసే, సరదాకి కూడా వద్దు.)

చివర్లో గొట్టం మూతిని బుల్లెట్ చుట్టూ గట్టిగా నొక్కేస్తాడు. ఎందుకంటే ఆర్టీసీ బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్ళు వెనక్కి పడతారు కదా, ఇక్కడ తుపాకీ వెనక్కి ఎగిరితే మ్యాగజైన్‌లో, అంటే తుపాకీలో తూటాలు పేర్చే పెట్టెలో, ఉన్న మిగతా తూటాలు ఉన్నచోటే ఉండాలని చూస్తాయి, ముందు గోడ వచ్చి వాటి ముక్కుకి తగులుతుంది. పట్టు వదులైతే బుల్లెట్ గొట్టంలోకి దిగిపోతుంది, లోపల జాగా తగ్గి ఒత్తిడి పెరుగుతుంది.

ఈ తిరిగి నింపుకునే విద్యంటే ఒకప్పుడు తెల్లదొరలకి కూడా భయమే. బ్రిటిష్ సైన్యం పాత మార్టిని-హెన్రీ రైఫిళ్ళకి పనికొస్తాయని, తిరగబడేవాళ్ళ చేతికి చిక్కుతాయని 1907లో భారత్, సూడాన్‌లలో .450 సైజు తూటాల్ని నిషేధించారు. దాంతో ఇంగ్లండ్ తుపాకుల కంపెనీలు సైజు కాస్త మార్చి .465, .470 అని కొత్తవి తెచ్చాయి, పులివేట దొరలకి లోటు రాకుండా! ఇంకోటి మన ఎండలు. అప్పటి కార్డైట్ అనే మందు, నైట్రోగ్లిజరిన్, గన్‌కాటన్, కొంచెం వ్యాజిలిన్ కలిపింది, వేడెక్కితే ఇంకా దురుసుగా కాలేది. అందుకే ఒత్తిడి మరీ పెరక్కుండా ఆ కాలపు తూటా గొట్టాలు అంత విశాలంగా ఉండేవి. బావ ఇప్పటికీ తూటాల డబ్బాని కారు డాష్‌బోర్డ్ మీద పెట్టనివ్వడు.

రేంజ్‌లో నేను నాలుగు కాల్చాను. మొదటిది పర్లేదు, తర్వాతవన్నీ కిందికి పోయాయి. తన్నుడు వల్లే అన్నాను. "కాదురా బామ్మర్దీ, బుల్లెట్ బయటికెళ్ళేలోగా తుపాకీ కదిలేది అర సెంటీమీటరే, నిన్ను తన్నేటప్పటికి అది వెళ్ళిపోయుంటుంది" అన్నాడు. నేను నమ్మలేదు. ఐదోది తనే లోడ్ చేసి ఇచ్చాడు. చెవులు మూసుకుపోయేలా మఫ్స్ సర్దుకుని, పళ్ళు బిగించి నొక్కాను, టక్ మని చిన్న శబ్దం, అంతే. అందులో మందు పొయ్యలేదు, ప్రైమర్ లేదు, ఉత్త డమ్మీ. ఏమీ పేలకపోయినా నా భుజం ముందుకి తోసేసింది, బ్యారెల్ కొస రెండంగుళాలు కిందికి వాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకునే ఉన్నాయి.