వరల్డ్ క్రాస్ కంట్రీ చాంపియన్‌షిప్స్: అపోహలు, వాస్తవాలు

క్రాస్ కంట్రీ అంటే ట్రాక్ మీద కాకుండా గడ్డి, బురద, ఎత్తుపల్లాల మీదుగా పరిగెత్తే పోటీ. దూరం పరుగుల కోచ్‌గా నాకు దాని గురించి తరచూ ఎదురయ్యే మాటలు ఇవి.

అపోహ: మొదట వచ్చినవాడి దేశానికే జట్టు స్వర్ణం.

వాస్తవం: కానే కాదు. సీనియర్ రేసులో ఒక్కో దేశం ఆరుగురిని దించవచ్చు. వాళ్లలో ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు, మొత్తం ఎవరికి తక్కువైతే స్వర్ణం వాళ్లది. ఒక జట్టు 1, 2, 3, 40 స్థానాల్లో వచ్చిందనుకోండి, మొత్తం 46. ఇంకో జట్టు 8, 9, 11, 12. మొత్తం 40. వ్యక్తిగత పతకాలు మూడూ మొదటి జట్టు పట్టుకుపోయినా జట్టు స్వర్ణం రెండోదానికే! స్కోర్లు సమానమైతే కూడా ఎవరి నాలుగో మనిషి ముందొచ్చాడన్నదే చూస్తారు. టీవీవాళ్లేమో చివరిదాకా ముందున్న ముగ్గురినే చూపిస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. అసలు టెన్షన్ ముప్పయ్యో స్థానం చుట్టుపక్కల ఉంటుంది. అక్కడ ఒకడు "ఇక నా వల్ల కాదు" అని కాస్త నెమ్మదించాడంటే, రెప్పపాటులో ఐదుగురు దాటేస్తారు. జట్టు లెక్కలో ఐదు పాయింట్లు పెరిగినట్టే.

అపోహ: ట్రాక్ మీద మంచి టైమ్ ఉంటే ఇక్కడా గెలుపు ఖాయం.

వాస్తవం: ట్రాక్ వేగం అవసరమే, కానీ చాలదు. 2019లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో ఓ మ్యూజియం పైకప్పు మీదుగా కోర్సు వేశారు. ఏటవాలుగా ఉండే గడ్డి కప్పు అది, ప్రతి రౌండ్‌లోనూ ఎక్కాలి. అలాంటిచోట గడియారం చూసి పరిగెత్తేవాడు దెబ్బతింటాడు. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయాలి. పైకి చేరగానే చాలామంది ఊపిరి తీసుకోవడానికి తగ్గుతారు. సరిగ్గా అక్కడే వేగం పెంచమంటాను.

అపోహ: ట్రాక్‌లో నెగ్గలేనివాళ్లు ఆడే ఆట.

వాస్తవం: కెన్యా అమ్మాయి బియాట్రిస్ చెబెట్ 2023, 2024ల్లో ఇక్కడ గెలిచింది. అదే 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లు రెండింటిలోనూ స్వర్ణం కొట్టింది. ఇంకేం చెప్పాలి?

అపోహ: ఇది చలి, బురద ఆట.

వాస్తవం: చాలాసార్లు నిజమే. కానీ 2007లో కెన్యాలోని మొంబాసా ఉక్కపోతలో, అప్పటికి వరసగా ఐదేళ్లు గెలిచిన ఇథియోపియా రన్నర్ కెనెనిసా బెకెలే మధ్యలోనే ఆగిపోయాడు. ఎరిత్రియా రన్నర్ జెర్సెనయ్ తదెసె గెలిచాడు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో బెకెలేకి షూ ఊడింది, ఆగి తొడుక్కుని మరీ గెలిచాడనుకోండి! ఇంకా వెనక్కి వెళ్తే, 1924 పారిస్ ఒలింపిక్స్ క్రాస్ కంట్రీలో ఎండకి 38 మందిలో 15 మందే చివరిదాకా వచ్చారు. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఈ పోటీయే లేకుండా పోయింది.

అపోహ: పురుషులకు 12 కిలోమీటర్లు, మహిళలకు 8.

వాస్తవం: పాత లెక్క. 2017లో ఉగాండాలోని కంపాలాలో జరిగిన పోటీల నుంచి సీనియర్ పురుషులకు, మహిళలకు ఇద్దరికీ 10 కిలోమీటర్లే. పాత చార్టు చూసి అమ్మాయిలకు ప్రాక్టీస్ షెడ్యూల్ రాసే కోచ్‌లు ఇంకా ఉన్నారు, అది ముందు మార్చండి.