బుషెహర్‌లో బాంబు పడితే రాజోలుకేంటి?

రాజోలు, మలికిపురం, అమలాపురం, ఇటు గోదావరి దాటితే నరసాపురం, పాలకొల్లు, ఏ ఊరెళ్లినా కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉన్నవాళ్ల కుటుంబాలు కనిపిస్తాయి, ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు. అలాంటి ఊళ్లలో కూడా ఇరాన్ అణుబాంబు చేస్తుందేమోనన్న గొడవ టీవీలో రాగానే "ఒక్క దెబ్బ వేసేస్తే పీడా పోద్దండీ" అనే మాట వింటుంటే నాకు నిజంగా భయమేస్తుంది.

బుషెహర్‌లో ఇరాన్‌కి 1000 మెగావాట్ల అణు కరెంటు ప్లాంట్ ఉంది, సరిగ్గా గల్ఫ్ సముద్రం ఒడ్డునే. అక్కణ్ణించి టెహ్రాన్ కన్నా కువైట్ సిటీయే దగ్గర. కువైట్‌లో నదుల్లేవు, తాగేనీళ్లు దాదాపు మొత్తం ఆ సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసేసి ఇచ్చేవే. పైగా ఆ సముద్రం లోతు తక్కువ, బయటికి హొర్ముజ్ జలసంధి ఒక్కటే దారి. రియాక్టర్ పగిలి సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం అందులో కలిస్తే, దాని రేడియేషన్ సగానికి తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది, మరి అక్కడున్న మన అక్కచెల్లెళ్లు ఏ నీళ్లు తాగాలి?

సరే, ప్లాంట్ జోలికెళ్లకుండా యురేనియం శుద్ధి చేసే చోట్లే కొడతారు అనుకుందాం. గనిలో దొరికే యురేనియంలో 1000 అణువులకి పనికొచ్చే 235 రకం 7 మాత్రమే, మిగతాదంతా కాస్త బరువెక్కువున్న 238. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టి తాలు పోగొట్టినట్టే, యురేనియాన్ని గ్యాస్ చేసి సెంట్రిఫ్యూజుల్లో విపరీతమైన స్పీడుతో తిప్పి 238ని విడదీస్తారు. ఆ 7తో కలిపి మొత్తం 35 అణువులు మిగిలేదాకా తీసేస్తే 20 శాతం, 12 మిగిలితే 60 శాతం, 8 మిగిలితే బాంబుకి పనికొచ్చే 90 శాతం. అంటే 20 శాతం వచ్చేసరికే తీయాల్సిందాంట్లో చాలా భాగం అయిపోయింది, 60 నుంచి 90కి ఇంకో నాలుగు అణువులు తీస్తే చాలు!

ఇరాన్‌తో అమెరికా, మరికొన్ని పెద్ద దేశాలు చేసుకున్న 2015 అణు ఒప్పందం పట్టుకుంది ఈ లెక్కనే. శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలు దాటకూడదు, ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూస్తారు, కెమెరాలుంటాయి, సీళ్లుంటాయి అని రాసుకున్నారు. అమెరికా తరఫున టెక్నికల్ విషయాలు మాట్లాడింది ఎర్నెస్ట్ మోనిజ్ అనే అణు భౌతిక శాస్త్రవేత్త, ఎదురుగా కూర్చున్న అలీ అక్బర్ సలేహీ కూడా అణు ఇంజనీరే, అదీ అమెరికాలోనే ఎంఐటీలో పీహెచ్‌డీ చేసినాయన. కొన్ని షరతులకి పదేళ్లు, పదిహేనేళ్లు అని గడువు పెట్టడం దాంట్లో బలహీనతే, కాదనను. కానీ ఇరాన్ మాట మీద నిలబడుతోందని అప్పట్లో ఐఏఈఏ రిపోర్టు తర్వాత రిపోర్టులో చెప్తూనే వచ్చింది. 2018 మేలో అమెరికా బయటికొచ్చేసింది, 2021 ఏప్రిల్‌కల్లా ఇరాన్ 60 శాతానికి ఎక్కించేసింది.

2025 జూన్‌లో ఇజ్రాయెల్, అమెరికా కలిసి నతాంజ్, ఫోర్దో, ఇస్ఫహాన్‌లలో ఉన్న ఇరాన్ అణు కేంద్రాల మీద బాంబులేశాయి. అప్పటికి 60 శాతం సరుకు 440 కిలోల దాకా ఉందని ఐఏఈఏ అంచనా. దాడుల తర్వాత ఇరాన్ ఐఏఈఏకి సహకారం ఆపేసింది, ఆ సరుకు ఎక్కడుందో ఇన్‌స్పెక్టర్లు కళ్లతో చూసి చెప్పలేని పరిస్థితి వచ్చింది. బిల్డింగులు కూల్తాయిగానీ సెంట్రిఫ్యూజ్ ఎలా చెయ్యాలో ఇంజనీర్ల బుర్రల్లో ఉన్నది పోదు కదా. 1981లో ఇజ్రాయెల్ ఇరాక్‌లో ఒసిరాక్ రియాక్టర్ని కూల్చేసింది, ఆ తర్వాత ఇరాక్ ఎవరికీ కనపడకుండా బాంబు ప్రయత్నం నడిపింది, అది ఎంత పెద్దదో 1991 యుద్ధం అయ్యాకగానీ బయటపడలేదు.

శత్రువుతో మాటలేంటి అనేవాళ్లు మన దేశాన్నే చూడొచ్చు. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చెయ్యకూడదని 1988 డిసెంబర్ 31న ఇండియా, పాకిస్తాన్ సంతకాలు చేశాయి. 1992 నుంచి ప్రతి జనవరి 1న ఎవరి అణు కేంద్రాలు ఎక్కడున్నాయో లిస్టులు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. 1999లో కార్గిల్‌లో యుద్ధం జరిగింది, 2000 జనవరి 1న కూడా లిస్టులు చేతులు మారాయి.